ఇంట్లో స్విమ్మింగ్ పూల్‌కు పర్మిషన్: నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, పక్క పంచాయతీల్లో ఎక్కడ ఎట్లుంది

"టౌన్‌లో పూల్ అంటే సవాలక్ష రూల్స్, ఊరి బయట పంచాయతీలో అయితే అడిగేవాళ్లే ఉండరు" అనే మాట నమ్మి స్థలం కొంటున్నవాళ్లు మన దక్షిణ తెలంగాణలో చాలామంది ఉన్నారు. ఈ రెండు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తిరగబడుతుంది. టౌన్‌లో పని తొందరగా అవుతుంది, చేతికి గట్టి కాగితం వస్తుంది. పంచాయతీలో మొదలు సులువుగా ఉండి చివర మెలిక పడుతుంది.

ముందు ఒక సంగతి. ఇంటివాళ్లు మాత్రమే వాడుకునే ఈత కొలనుకు మన దగ్గర విడిగా లైసెన్సు అంటూ లేదు. అది ఇంటి ప్లాన్‌లో భాగంగానే పోతుంది. మున్సిపాలిటీలన్నిటికీ 2020లో వచ్చిన బీపాస్ (ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే) చట్టం ఒక్కటే, 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 భవన నిబంధనలూ ఒక్కటే. కాబట్టి నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్లల మధ్య రూల్స్‌లో తేడా వెతికితే దొరకదు. తేడా అంతా స్థలం ఏ హద్దులో ఉంది, కింద ఏ నేల ఉంది, నీళ్లు ఎక్కడివి అనే మూడింటి దగ్గరే వస్తుంది.

నల్గొండ పట్టణం

స్థలం 500 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 600 గజాల లోపు ఉండి, ఇల్లు 10 మీటర్ల ఎత్తు దాటకపోతే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండో, 21 రోజుల గడువు. ఆ గడువులో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. సేవగా చూస్తే ఇది మెచ్చుకోవాల్సిన ఏర్పాటు. బిల్డ్‌నౌ అని కొత్త పోర్టల్ కూడా వచ్చింది, అందులో డ్రాయింగ్‌ను సాఫ్ట్‌వేరే కొలుస్తుంది. అంటే అంగుళాల్లో సర్దేసే అలవాటు ఇక నడవదు.

వెంటనే వచ్చే అనుమతిలో ఒక షరతు ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. కాగితం వచ్చాక 21 రోజుల్లో అధికారులు స్థలం చూసి సరిపోలుస్తారు. ఇచ్చిన వివరం తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది. పూల్ విషయంలో దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. ఐదడుగుల నీళ్లకు ఐదడుగుల గుంత చాలదు. పైన అర అడుగు ఖాళీ, అడుగున ఎనిమిది అంగుళాల కాంక్రీటు, దాని కింద నాలుగు అంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు), తొమ్మిది అంగుళాల రాయి, అన్నీ కలిపితే తవ్వకం ఏడడుగులు దాటుతుంది. ప్లాన్‌లో పూల్ లేకుండా స్థలంలో ఏడడుగుల గొయ్యి కనిపిస్తే చూసినవాళ్లు దాన్ని అనుమతి లేని సెల్లార్ అనే అనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు. "తర్వాత కట్టుకుందాంలే, ప్లాన్‌లో ఎందుకు" అని చెప్పే మేస్త్రీ మాట ఈ ఒక్క కారణానికే వినొద్దు.

ఇక సెట్‌బ్యాక్, అంటే ఇంటికీ స్థలం హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీ. 40 అడుగుల వెడల్పు, 67.5 అడుగుల పొడవున్న 300 గజాల ప్లాటు తీసుకుందాం. అది 250 చదరపు మీటర్లు. ముందు 30 అడుగుల రోడ్డు, ఇల్లు 10 మీటర్ల ఎత్తు అనుకుంటే ముందు 2 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరున్నర వదలాలి. 7 మీటర్ల ఎత్తుకే ఆగితే ఆ మూడు వైపులా మీటరు చాలు. మీటరున్నర వదిలిన లెక్కలో కట్టుకోవడానికి మిగిలేది సుమారు 157 చదరపు మీటర్లు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు పూల్ ఒక్కటే 18.6 చదరపు మీటర్లు తింటుంది. చుట్టూ మనిషి నడిచే మూడడుగుల దారి కూడా వేస్తే 38 చదరపు మీటర్లకు చేరుతుంది. అంటే ఆ 157లో నాలుగో వంతు పూల్‌కే పోయినట్టు. 300 గజాల్లో పూల్ పెడితే కింది అంతస్తులో ఒక బెడ్‌రూమ్ వదులుకోవాలని ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. సౌకర్యంగా కుదిరేది 400 గజాల పైనుంచే.

పూల్ పైకి తెరిచే ఉంటుంది కదా, సెట్‌బ్యాక్‌లో పెడితే ఏమవుతుంది అని అడుగుతుంటారు. సెట్‌బ్యాక్ ఉన్నది గాలీ వెలుతురూ రావడానికి, ఆపద వచ్చినప్పుడు మనుషులు తిరగడానికి. అక్కడ నీళ్ల గొయ్యి ఉంటే ఆ పని జరగదు, తనిఖీకి వచ్చినవాళ్లు అభ్యంతరం చెప్తే మన దగ్గర జవాబు ఉండదు. ప్రహరీ పునాది పక్కనే ఏడడుగులు తవ్వితే పక్కింటివాళ్ల గోడ జారే ప్రమాదం వేరే ఉంది. గోడకూ పూల్ బయటి అంచుకూ మధ్య కనీసం మీటరున్నర ఉంచండి. మోటారు గది విషయమూ అంతే. చాలా ఇళ్లలో పూల్ సరైన చోటే ఉంటుంది, దాని ఫిల్టర్, పంపు కోసం వెనక సెట్‌బ్యాక్‌లో కప్పు వేసిన చిన్న గది కడతారు, అతిక్రమణ కింద పట్టుబడేది ఆ గది. మెట్ల కింద పెడితే ఆ సమస్యే రాదు.

ప్లాన్ గీసే లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్‌తో నీలం రంగు దీర్ఘచతురస్రం ఒకటి గీయించి సరిపెట్టుకోవద్దు. పూల్ లోపలి కొలత, బయటి గోడ కొలత, రెండు చివర్ల లోతు, నాలుగు హద్దుల నుంచి దూరం, పంపు ఎక్కడ, ఖాళీ చేసిన నీళ్లు ఎటు పోతాయి, ఇవన్నీ కనిపించాలి. నిలువు కోత డ్రాయింగ్ ఒకటి తప్పనిసరిగా అడగండి. నీళ్లు నిలిపే కట్టడాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 ప్రకారం కాంక్రీటు గట్టిదనం కనీసం ఎం30 గ్రేడు ఉండాలి. ఇంటి స్లాబుకు వాడే ఎం20నే పూల్‌కూ కలిపేయడం మన దగ్గర మామూలు తప్పు.

ఖర్చులో ఊహించని దెబ్బ రెండు చోట్ల ఉంటుంది. ప్లాటు ఆమోదం లేని లేఅవుట్‌లో ఉండి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాకపోతే ప్లాటు విలువ మీద 14 శాతం ఖాళీ స్థలం చార్జీ ఇంటి అనుమతి దగ్గర పడుతుంది. రెండోది, స్థలం 200 చదరపు మీటర్లు, ఎత్తు 7 మీటర్లు దాటిన ఇంటికి కట్టుబడిలో 10 శాతం భాగాన్ని మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేయాలి. ఇల్లు ప్లాన్ ప్రకారమే కట్టామని తేలాకే అది విడుదలవుతుంది. ప్లాన్‌లో లేని పూల్ కట్టినవాళ్ల ఇబ్బంది ఆ రోజున బయటపడుతుంది.

మేడ మీద పూల్ కావాలనేవాళ్లకు ఒక్క లెక్క చాలు. నాలుగడుగుల నీళ్లు చదరపు మీటరుకు 1,200 కిలోల బరువు. ఇంటి గదులకు ఇంజనీరు లెక్కవేసేది చదరపు మీటరుకు 200 కిలోలు. ఆరు రెట్లు. కట్టేసిన ఇంటి మీద ఆ ఆలోచనే వద్దు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు

రూల్స్ నల్గొండవే. నేల వేరు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరి నాట్లు పడ్డాయంటే భూగర్భ జలం పైకి వస్తుంది. ఊరి అంచున పొలాలను ఆనుకుని ఉన్న ప్లాట్లలో ఈ మార్పు ఇంకా తెలుస్తుంది. నీళ్లు నిండుగా ఉన్నన్నాళ్లు పూల్‌కు ఏమీ కాదు. కడగడానికి ఖాళీ చేసిన రోజున తొట్టి మొత్తం పడవలా పైకి లేస్తుంది, కనీసం అడుగు స్లాబు పగులుతుంది.

ఎందుకంటే 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు పూల్, ఎనిమిది అంగుళాల గోడలు, అంతే మందం అడుగు కలిపి సుమారు 10 ఘనపు మీటర్ల కాంక్రీటు. బరువు 25 టన్నులు. బయటి కొలతతో అడుగు భాగం 22 చదరపు మీటర్లు. భూగర్భ జలం అడుగు స్లాబు కింది అంచు నుంచి 1.1 మీటర్లు, అంటే మూడున్నర అడుగులు పైకి వచ్చిందంటే కిందినుంచి తోసే బలం, తొట్టి బరువు సమానమవుతాయి. ఆ పైన ప్రతి అడుగూ పూల్‌ను లేపేదే. ఆయకట్టులో నేలమట్టానికి మూడు నాలుగు అడుగుల్లో నీళ్లు తగలడం వింతేమీ కాదు.

దీనికి మందు కట్టేటప్పుడే వేయాలి. అడుగు స్లాబు కింద కంకర పరచి, మెయిన్ డ్రెయిన్ దగ్గర హైడ్రోస్టాటిక్ రిలీఫ్ వాల్వు బిగిస్తే బయటి ఒత్తిడి పెరిగినప్పుడు ఆ నీళ్లు వాల్వు తోసుకుని లోపలికి వస్తాయి. కొంచెం మట్టి నీళ్లు పూల్‌లోకి వచ్చినా పూల్ నిలుస్తుంది. పూల్ పక్కనే నాలుగు అంగుళాల పైపు ఒకటి అడుగుదాకా దింపి ఉంచితే ఖాళీ చేసేముందు తాడు వేసి నీళ్ల మట్టం చూసుకోవచ్చు. ఖాళీ చేసే పని కాలువ నీళ్లు లేని మే నెలలో పెట్టుకోండి.

నల్లరేగడి ఉన్న చోట ఇంకో జాగ్రత్త. వానకు ఉబ్బి ఎండకు కుంగే ఆ మట్టిని గోడల పక్కన తిరిగి నింపొద్దు. మొరం తెప్పించి పొరలు పొరలుగా దిమ్మిస చేయించండి. మట్టి పరీక్ష రిపోర్టు పర్మిషన్ కోసం ఎవరూ అడగకపోయినా ఈ వైపు అది లేకుండా పూల్ మొదలుపెట్టడం తగదు.

మహబూబ్‌నగర్, జడ్చర్ల

మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయ్యింది. పూల్‌కు సంబంధించిన కొలతలు దాంతో మారలేదు. ఒకప్పుడు పంచాయతీలో ఉండి ఇప్పుడు పట్టణంలో కలిసిన చోట స్థలం ఉంటే మాత్రం పాత పంచాయతీ అనుమతి పత్రం, తీర్మానం నకలు, పన్ను రసీదులు అన్నీ చేతిలో ఉండాలి. పాత అనుమతి ఇంటికే ఉండి పూల్ కొత్తగా కట్టేటట్టయితే దాని మీద ఆధారపడకుండా కొత్త దరఖాస్తు పెట్టుకోవడమే మేలు.

ఇక్కడి చలక నేలల్లో నీళ్లు నిలవవు, పూల్ తేలే భయం తక్కువ. రాయి అడ్డం పడుతుంది. మూడు నాలుగు అడుగులకే గట్టి రాయి తగిలితే బ్రేకర్‌తోనే పోవాలి, ఇళ్ల మధ్య మందుగుండు పేల్చడానికి లేదు. గుంత ఒప్పందంలో మట్టి తవ్వకానికి ఒక రేటు, రాయి కొట్టడానికి వేరే రేటు ముందే రాయించుకోండి. ఖర్చు తగ్గాలంటే పూల్‌ను నేలమట్టానికి రెండడుగులు పైకి ఎత్తి చుట్టూ మెట్టు కట్టించడం మంచి ఉపాయం. ఆ ఎత్తును ప్లాన్‌లో చూపించాలి.

చెరువు పక్కన స్థలాలకు రెండు జిల్లాల్లోనూ ఒకటే నియమం, ఇందులో బేరం లేదు. 10 హెక్టార్లు, ఆ పైన విస్తీర్ణం ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగు, నాలా, కాలువకు 9 మీటర్లు, చిన్నవాటికి 2 మీటర్లు. పూల్ ఇల్లు కాదు కదా అనే వాదన ఇట్లా వదలాల్సిన బఫర్‌లో చెల్లదు. పానగల్ ఉదయసముద్రం వైపు గానీ, మహబూబ్‌నగర్ పెద్దచెరువు వైపు గానీ స్థలం చూస్తున్నవాళ్లు ఎండాకాలంలో కనిపించే నీటి అంచును చూసి కొలవొద్దు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి అంచు, ఇరిగేషన్ మ్యాపులో ఉండేది అదే.

పంచాయతీలు, ఫాంహౌస్‌లు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు, అందుకే వివరంగా చెప్పాలి. గ్రామ పంచాయతీ తనంతట తాను అనుమతి ఇవ్వగలిగేది 300 చదరపు మీటర్ల స్థలం దాకా, జీ ప్లస్ 2 ఇంటి దాకా. అది దాటితే డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) సాంకేతిక ఆమోదం కావాలి. నల్గొండ చుట్టూ నుడా, మహబూబ్‌నగర్ చుట్టూ ముడా అనే పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో ఉన్న ఊళ్లలో ఆ సంస్థల దగ్గరికి వెళ్లాలి. చౌటుప్పల్ వైపు హెచ్ఎండీఏ.

ఇప్పుడు పూల్ ఉన్న ఫాంహౌస్‌ను తీసుకోండి. 20 గుంటలు అంటే 2,420 గజాలు, 2,000 చదరపు మీటర్ల పైమాటే. పంచాయతీ పరిధికి ఆరేడు రెట్లు. కార్యదర్శి ముద్ర ఒక్కటే చాలదని ఇక్కడే తేలిపోయింది. పైగా అది పట్టాదారు పాసుబుక్కులో ఉన్న సాగుభూమి అయితే నాలా కన్వర్షన్ (సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం) లేకుండా కట్టడమే కుదరదు. "ఇంటి నంబరు వచ్చింది, పన్ను కడుతున్నాం, ఇంకేం కావాలి" అంటారు. పన్ను వేయడం కట్టుబడికి అనుమతి ఇచ్చినట్టు కాదు. బ్యాంకు లోన్‌కు పోయిన రోజున, అమ్ముకునే రోజున మంజూరైన ప్లాన్ అడుగుతారు, అప్పుడు ఇంటి నంబరు పనికిరాదు.

ఫాం పాండ్ పేరుతో గుంత తవ్వి టైల్స్ అతికించే పద్ధతి ఒకటి మొదలైంది. పొలానికి నీళ్లు నిలిపే గుంతకూ ఫిల్టర్, లైట్లు ఉన్న కొలనుకూ తేడా చూడగానే తెలుస్తుంది. రైతుల కోసం ఉన్న ఏర్పాటును ఇట్లా వాడుకోవడం సరైన పని కాదు.

బోరు సంగతికి వస్తే, వాల్టా చట్టం 2002 ప్రకారం కొత్త బోరుకు తహసీల్దార్ అనుమతి ఉండాలి. మీసేవలో దరఖాస్తు పెట్టాక భూగర్భజల శాఖవాళ్లు చూస్తారు. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు మీ పాయింటు పడితే ఆశ వదులుకోండి. వ్యవసాయ కనెక్షన్ మోటారుతో పూల్ నింపడం ఉచిత కరెంటును వేరే పనికి మళ్లించడమే. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అసెస్‌మెంట్, అంటే అనుమతి లేని వాడకానికి లెక్కగట్టిన బిల్లు, వేసే అవకాశం ఉంది. పూల్ పంపును ఇంటి మీటరు మీదే పెట్టి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) బిగించి, నీళ్లలోపలి లైట్లకు 12 వోల్టులే ఇవ్వండి. ప్రాణానికి సంబంధించిన పని, ఎలక్ట్రీషియన్ వద్దన్నా ఒప్పుకోవద్దు.

నీళ్ల లెక్క పర్మిషన్ కన్నా ముందే వేసుకోవాలి. మూడున్నర నుంచి ఐదడుగుల లోతుతో అదే 20 అడుగుల పూల్‌లో 24,000 లీటర్లు పడతాయి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఐదు. ఎండాకాలంలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే 130 లీటర్లు, నెలకు దాదాపు ఒక ట్యాంకర్ కలుపుతూనే ఉండాలి. పైన కప్పే షీట్ కొంటే ఇందులో చాలా మిగులుతుంది. తాగునీటి నల్లాకు మోటారు పెట్టి పూల్ నింపే పని మాత్రం ఎవరూ చేయొద్దు. ఫ్లోరైడ్‌తో తరాలు నడుం వంగిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతానికి భగీరథ నీళ్లు రావడానికి ఎంతకాలం పట్టిందో మన జిల్లావాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. అటువంటి నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ వేస్తే అందులోని కాల్షియం కూడా చేరి నీళ్లు పాలలా తెల్లబడతాయి, టైల్స్ మీద, ఫిల్టర్ ఇసుకలో సున్నం గడ్డకడుతుంది. ద్రవ రూపంలోని సోడియం హైపోక్లోరైట్ వాడి, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచితే ఆ బాధ తగ్గుతుంది. హైపోక్లోరైట్ పీహెచ్‌ను పెంచుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో చూసి ఆసిడ్ కొద్దికొద్దిగా కలపాలి.

ఫిల్టర్ వెనక్కి కడిగిన ప్రతిసారీ మూడు వందల లీటర్లకు పైగా మురికి నీళ్లు వస్తాయి. టౌన్‌లో పక్కింటివాళ్ల ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది దీని మీదే, రోడ్డు మీదికి వదిలితే రావడం న్యాయమే. క్లోరిన్ పోయేదాకా ఒక రోజు విడి తొట్టిలో ఆపి, ఆ తర్వాత ఇంకుడు గుంతకో చెట్లకో మళ్లించండి. ఆ తొట్టిని కూడా మొదటి ప్లాన్‌లోనే చూపించాలి.

ప్లాన్‌లో చూపకుండా ఇప్పటికే పూల్ కట్టుకున్నవాళ్ల దారి ఇరుకు. ఇంటి అనుమతి గడువు ఇంకా ఉండి, పూల్ సెట్‌బ్యాక్‌లో పడకపోతే సవరించిన ప్లాన్ పెట్టుకోవచ్చు. గడువు ముగిసేలోపే ఆ పని చేసుకుని తర్వాత ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు వెళ్లండి. 2015లో తెచ్చిన బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) క్రమబద్ధీకరణ ఆ ఏడాది అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే, తర్వాత కట్టిన పూల్‌కు ఆ దారి లేదు. సెట్‌బ్యాక్‌లో పడినదైతే, అమ్మేముందు పూడ్చి మొరం నింపి తోట వేసుకోవడమే చాలా ఇళ్లకు తక్కువ ఖర్చులో తేలే పని. పూడ్చేముందు అడుగు స్లాబుకు నాలుగైదు చోట్ల రంధ్రాలు కొట్టించండి, లేదంటే వానాకాలంలో ఆ తోట కింద నీళ్లు నిలిచి మొక్కలు కుళ్లిపోతాయి.